రెండో రిమోట్‌కు రెండు వైర్లు

రెండేళ్ల కిందట సద్దుల బతుకమ్మకు అక్క దేవరకొండ నుంచి తల్లిగారింటికి వచ్చింది. అప్పటికి నాలుగు నెలలుగా రాత్రుళ్లు కూర్చుని, మా చిన్నప్పటి టీవీ గేమ్‌ను చేతిలో పట్టుకుని ఆడుకునే పెట్టెగా మార్చి ఉంచాను. బ్యాటరీ లోపలే, స్క్రీన్ పైనే, బటన్లు రెండు పక్కలా. తెచ్చి అక్క చేతిలో పెట్టాను. ట్యాంకుల గేమ్ పెట్టుకుని ఐదు నిమిషాలు ఆడింది. బాగుందంది. తర్వాత పెట్టె పక్కలన్నీ వేలితో తడిమి, "నా రిమోట్ యాడ పెట్టాలె తమ్మీ?" అని అడిగింది.

పెట్టడానికి చోటు లేదు. రెండో రిమోట్ సాకెట్ ఉన్న ముక్కను బోర్డు నుంచి హ్యాక్సా బ్లేడుతో కోసేశాను. అది ఉంటే పెట్టె ఇంకో రెండు సెంటీమీటర్లు వెడల్పయ్యేది. చేతిలో పట్టుకుని ఆడేదానికి రెండో రిమోట్ ఎందుకులే అనుకున్నాను. అక్కకు ఏం చెప్పాలో తెలియక, "పెట్టలేదక్కా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. పెట్టె నాకిచ్చి పూలు పేర్చడానికి వెళ్లింది.

అప్పటి నుంచి నా మనసులో ఒకటే మాట ఉండిపోయింది. పాత టీవీ గేమ్‌ను చేతిపెట్టెగా మార్చాలనుకునే వాళ్లెవరైనా సరే, ఏది కోసినా కోయండి, రెండో రిమోట్ దారిని మాత్రం కోయొద్దు. ఇది సెంటిమెంటు కోసం చెప్తున్నది కాదు. ఆ బోర్డు ఎలా పని చేస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి. 1998లో బాపు హైదరాబాద్ పోయినప్పుడు కోఠిలో కొనుక్కొచ్చాడు. మన దగ్గర మీడియా లాంటి పేర్లతో అమ్మిన టీవీ గేముల్లో చాలావరకు జపాన్ కంపెనీ నింటెండో 1983 జులైలో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లే. ఫ్యామికామ్ అంటే 'ఫ్యామిలీ కంప్యూటర్'. పేరులోనే ఇల్లంతా ఉంది. ఆ అసలు యంత్రానికి రెండు రిమోట్లూ వైర్లతో లోపలికే అతికించి ఉండేవి. ఊడదీసి పక్కన పెట్టడానికి వీల్లేదు. అంటే ఇద్దరు ఆడటం అనేది తర్వాత కలుపుకున్న సౌకర్యం కాదు, యంత్రం పుట్టడమే ఇద్దరి కోసం పుట్టింది. మన దగ్గరికి వచ్చిన నకళ్లలో చాలావాటికి తొమ్మిది పిన్నుల సాకెట్లు పెట్టి రిమోట్లు ఊడేలా చేశారు. నేను అంత సులువుగా ఒకదాన్ని కోసేయగలిగింది అందుకే.

మా ఇల్లు నల్లగొండలో, రామగిరి దగ్గర. టీవీ ముందు చాప పరుచుకుని నేనూ అక్కా కూర్చునేవాళ్లం. ఒకటో రిమోట్ నాది, రెండోది అక్కది. ఎవరు పంచారో గుర్తు లేదు. ఇంట్లో మగపిల్లాడిని నేనొక్కడినే, అడిగినవాళ్లు లేరు, నేను తీసుకున్నాను. ట్యాంకుల గేమ్‌లో కింద ఇటుకల మధ్య గద్ద బొమ్మ ఉంటుంది, ఇద్దరూ కలిసి దాన్ని కాపాడాలి. నా గుండు పొరపాటున అక్క ట్యాంకుకు తగిలితే అది కాసేపు కదలకుండా నిలబడిపోయేది. కాంట్రా అనే ఇంకో గేమ్‌లో మూడో లెవెల్ జలపాతం. ఒకరు గబగబా పైకి ఎక్కేస్తే స్క్రీన్ కూడా పైకి జరుగుతుంది, కిందున్నవాళ్లు స్క్రీన్ అంచుకు తగిలి చచ్చిపోతారు. ఎప్పుడూ ముందు ఎక్కింది నేనే. "ఆగురా, ఆగురా" అనేది అక్క.

ఇంకొక సంగతి ఉంది. మా వీధిలో నల్లా రెండు రోజులకోసారి సాయంత్రం పూట వచ్చేది. మాది ఫ్లోరైడ్ నీళ్ల జిల్లా. బోరు నీళ్లు తాగలేం కాబట్టి నల్లా వచ్చిందంటే ఇంట్లో ఉన్న బిందెలన్నీ నిండాల్సిందే. అమ్మ పిలుపు అక్కకే వచ్చేది. ఆటను ఆపాలంటే స్టార్ట్ బటన్ నొక్కాలి. అక్క రిమోట్‌లో స్టార్ట్ లేదు. అసలు ఫ్యామికామ్‌లోనే రెండో రిమోట్‌కు స్టార్ట్, సెలెక్ట్ లేవు, వాటి బదులు చిన్న మైకు ఉండేది. మన నకలులో మైకు పోయింది, బటన్లు లేని ఖాళీ మాత్రం అలాగే వచ్చింది. "ఆపురా" అని అక్క అంటే, నేను ఆపితే ఆగేది. చాలాసార్లు ఆపలేదు. ఆమె బిందె పట్టుకుని వెళ్లేసరికి ఆమె ట్యాంకు ఒకచోట నిలబడి దెబ్బలు తింటూ ఉండేది.

ఇవన్నీ ఆ ప్రశ్న తర్వాతే నాకు వరుసగా గుర్తొచ్చాయి. అంతకుముందు నాకు గుర్తున్నవి గేములు మాత్రమే.

ఇక పెట్టె ఎలా చేశానో చెప్తాను, ఎందుకంటే వాదన అంతా ఆ వైర్లలోనే ఉంది. నా పని సీసీటీవీ కెమెరాలు బిగించడం. కాంపోజిట్ వీడియో (బొమ్మంతా ఒకే తీగలో పంపే పద్ధతి), 12 వోల్టుల అడాప్టర్లు రోజూ చేతిలో ఉండేవే కాబట్టి సగం సంగతి తెలిసినదే. పాత గేమ్ బోర్డు మీద నల్లటి బొట్టు లాంటిది ఒకటి ఉంటుంది. అసలు ఫ్యామికామ్‌లో వేరువేరుగా ఉన్న ప్రాసెసర్, బొమ్మలు గీసే చిప్ రెండింటి పనీ ఆ బొట్టు కింద ఒక్క ముక్కలోనే ఉంటుంది. దాని చుట్టూ ఒక వేలెడు దూరం దాకా బ్లేడు పెట్టకూడదు. మిగతా బోర్డులో చాలా భాగం ఖాళీ స్థలమే.

పక్కన ఒక చిన్న రేకు డబ్బీ ఉంటుంది. పాత టీవీల యాంటెన్నా రంధ్రంలోకి బొమ్మను పంపేది అదే. దాన్ని తీసేసి, దానిలోకి పోయే వీడియో వైరును ముందే పట్టుకుంటే చాలు, ఆ సిగ్నల్ నేరుగా కాంపోజిట్ స్క్రీన్ మీద కనిపిస్తుంది. మా బోర్డుకు పసుపు ఏవీ సాకెట్ కూడా ఉండటంతో ఇంకా తేలికైంది. స్క్రీన్ కోసం కార్ డెకార్ షాపుకు పోయాను. రివర్స్ కెమెరాకు బిగించే 4.3 అంగుళాల స్క్రీన్, ఒకరి కారు నుంచి తీసింది, తక్కువకే ఇచ్చారు. అది 12 వోల్టులది, కానీ లోపల ఆ 12ను 5కు దించే చిప్ ఒకటి ఉంది. ఆ చిప్‌ను దాటించి నేరుగా 5 ఇస్తే వెలిగింది. అన్ని స్క్రీన్లూ ఇలాగే ఉండవు, ముందు మీటరు పెట్టి చూడండి.

కరెంటు దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టీవీ గేమ్ అడాప్టర్ 9 వోల్టులు ఇస్తుంది, బోర్డుకు కావాల్సింది 5. మధ్యలో 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటుంది. మిగిలిన 4 వోల్టులను అది వేడిగా మార్చి పారేస్తుంది. తీసుకున్న దానిలో దాదాపు 44 శాతం వృథా. గోడ ప్లగ్గులో పెట్టుకున్నప్పుడు ఇది ఎవరికీ పట్టదు. బ్యాటరీ మీద అయితే సగం చార్జి వేడికే పోతుంది. అందుకే 7805ను పీకేసి, దాని అవుట్‌పుట్ కాలు ఉన్నచోట బయటి నుంచి 5 వోల్టులు ఇవ్వాలి. పాడైన ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లోపల 18650 సెల్స్ ఉంటాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. వాటిలో ఒక జత చచ్చినా ప్యాక్ మొత్తం పనికిరాదంటారు, కానీ మిగతావి చాలాసార్లు బాగానే ఉంటాయి. ఒకే వోల్టేజీకి తెచ్చిన రెండింటిని పక్కపక్కన కలిపి, రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 చార్జింగ్ బోర్డు, 3.7ను 5కు పెంచే చిన్న బూస్ట్ బోర్డు పెట్టాను. రెండూ కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చినవే. నాలుగున్నర గంటలు నడుస్తుంది. సెల్ మీద నేరుగా సోల్డర్ పెట్టొద్దు. పాత ప్యాక్‌లోని రేకు పట్టీలను అలాగే ఉంచుకుని వాటికే వైరు అతకండి. ఉబ్బిన సెల్ ఎంత మంచిదని ఎవరు చెప్పినా వాడొద్దు.

నాలుగున్నర గంటలంటే నాకు ఎంతో తెలుసా? 2014కు ముందు ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేని రోజుల్లో పెరిగినవాళ్లకు తెలుస్తుంది. ఆ గేముల్లో చాలావాటికి సేవ్ లేదు. ఏడో లెవెల్‌లో ఉన్నప్పుడు కరెంటు పోతే మళ్లీ ఒకటి నుంచే. స్క్రీన్ మన చేతిలో, కరెంటు మన చేతిలో ఉంటే ఎట్లుండేదో అని అప్పట్లో ఎన్నిసార్లు అనుకున్నానో. పెట్టె చేయడానికి కూర్చున్నది ఆ కోరికతోనే. కాకపోతే ఆ కోరిక నా ఒక్కడిదే అనుకున్నాను, తప్పు అక్కడే జరిగింది.

ఇప్పుడు రిమోట్ సంగతి. టీవీ గేమ్ రిమోట్‌లో ఎనిమిది బటన్లు. వైరు కోసి చూస్తే లోపల ఐదే తీగలు. 5 వోల్టులు, గ్రౌండ్ పోగా మిగిలినవి మూడు. మొదటిది లాచ్. అంటే యంత్రం రిమోట్‌తో, "ఇప్పుడు ఏయే బటన్లు నొక్కి ఉన్నాయో అలాగే పట్టుకో" అని చెప్పడం. రెండోది క్లాక్. ఒక్కో టిక్కుకు ఒక్కో బటన్ సంగతి మూడో తీగ, డేటా మీద బయటికి వస్తుంది. వరుస ఎప్పుడూ ఒకటే: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. మన టీవీల 'పాల్' (PAL) పద్ధతి లెక్కన సెకనుకు 50 ఫ్రేములు, అంటే 50 బొమ్మలు, మామూలుగా ఫ్రేముకోసారి ఈ విచారణ జరుగుతుంది. రెండో రిమోట్‌ను కూడా ఇలాగే అడుగుతుంది, అక్కడ సెలెక్ట్, స్టార్ట్ వంతు వచ్చినప్పుడు ఎప్పుడూ "నొక్కలేదు" అనే జవాబే వస్తుంది.

అసలు చూడాల్సింది ఇదీ. 5 వోల్టులు, గ్రౌండ్ రెండు రిమోట్లకూ ఉమ్మడి. లాచ్ కూడా ఉమ్మడే, ఒకే పిలుపు ఇద్దరికీ వినిపిస్తుంది. విడివిడిగా ఉండేవి క్లాక్, డేటా మాత్రమే. అంటే చేతిపెట్టెలో ఒకటో రిమోట్ ఎలాగూ పెడతాం కాబట్టి, రెండో మనిషికి చోటివ్వడానికి అదనంగా కావాల్సింది రెండే రెండు వైర్లు, పక్కన ఒక సాకెట్. ఇంత చిన్న సంగతిని స్థలం లేదని కోసేశాను. అదే పెట్టెలో స్పీకర్‌కు మాత్రం మూడు సెంటీమీటర్ల చోటు ఇచ్చాను.

చేతిలో పట్టేది ఒక్కడి కోసమే కదా అని నాతో చాలామంది అన్నారు. చేతిపెట్టెల చరిత్ర అలా లేదు. 1989లో నింటెండో చేతిపెట్టె గేమ్‌బాయ్ వచ్చినప్పుడే దాని పక్కన ఇంకో గేమ్‌బాయ్‌కు కలిపే కేబుల్ సాకెట్ ఉంది. సెగా కంపెనీ 1995లో తన ఇంటి గేమ్ మెగాడ్రైవ్‌నే చేతిపెట్టెగా మార్చి నోమాడ్ అని అమెరికాలో అమ్మింది. మనం ఇంట్లో చేస్తున్న పనినే ఆ కంపెనీ తానే చేసిందన్నమాట. ఆరు ఏఏ సెల్స్‌ను చూస్తుండగానే తాగేసేది, బరువు కూడా ఎక్కువే. అయినా ఆ ఇంజనీర్లు దాని మీద రెండో ఆటగాడికి సాకెట్ ఉంచారు, టీవీకి కలిపే దారి కూడా ఉంచారు. 2017లో నింటెండో స్విచ్ వచ్చింది. పక్కనున్న రెండు ముక్కల్ని ఊడదీసి ఒకటి పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. అంత పెద్ద కంపెనీ తిరిగి తిరిగి ఆ ఫ్యామిలీ కంప్యూటర్ దగ్గరికే వచ్చినట్టు నాకు అనిపిస్తుంది.

ఇంటి గేములను చేతిపెట్టెలుగా మార్చే పనికి పేరు తెచ్చినవాడు అమెరికాకు చెందిన బెన్ హెకెండార్న్. 2000 ప్రాంతంలో అటారీ 2600 అనే పాత టీవీ గేమ్‌తో మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎంతోమంది ఈ పనిలోకి వచ్చారు. నింటెండో వాళ్ల 'వీ' (Wii) అనే టీవీ గేమ్ బోర్డును అవసరమైన చిప్పులు మాత్రమే మిగిలేలా చుట్టూ కోసి, అరచేతి సైజుకు తెచ్చేవాళ్లు ఉన్నారు. ఆ పనితనానికి దండం పెట్టాలి. కానీ ఎంత చిన్నగా చేశామన్నదే గొప్పగా మారితే, మొట్టమొదట పోయేది పక్కవాళ్ల చోటే. నా బ్లేడు కూడా ఆ కొలత కోసమే తిరిగింది.

ఫోన్‌లోనే ఆ గేములన్నీ ఉన్నాయిగా అనేవాళ్లకు నా జవాబు పెద్దదేమీ కాదు. ఉన్నాయి, ఆడుకోండి. కేవలం ఆడుకోవడమే కావాలంటే పాత యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే చిన్న ఎమ్యులేటర్ పెట్టెలు, బజార్లో దొరికేవి, నా పెట్టె కన్నా తేలిక, చవక. కానీ టచ్ స్క్రీన్ మీద ఇద్దరు నాలుగు బొటనవేళ్లు పెడితే బొమ్మ కనిపించదు. మా ఇంట్లో ఉన్న ఈ బోర్డేమో ఇద్దరిని అడగడానికి రెండు గొంతులతో పుట్టి, ఇరవై ఏళ్లు అటక మీద పడి ఉంది.

4.3 అంగుళాల స్క్రీన్ ముందు ఇద్దరెలా కూర్చుంటారని కూడా అడగొచ్చు. ఇది న్యాయమైన ప్రశ్నే. ఆ స్క్రీన్ వెడల్పు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, ఎత్తు ఐదు చిల్లర. యంత్రం గీసే బొమ్మ 256 చుక్కల అడ్డం, 240 చుక్కల నిలువు మాత్రమే కాబట్టి ట్యాంకులు స్పష్టంగానే కనిపిస్తాయి. పెట్టె వెనక మడిచే స్టాండ్ పెడితే బల్ల మీద నిలబడుతుంది, తలలు దగ్గరగా పెట్టుకోవాలి అంతే. పెద్ద స్క్రీన్ కావాలంటే ఏవీ సాకెట్ బయటికి తీసి పెట్టుకుంటే సరి. ఒకటి మాత్రం పోతుంది, తుపాకీ. బాతులను కాల్చే గేమ్‌లో ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది, తుపాకీలోని కన్ను ఆ వెలుతురును పట్టుకుంటుంది. పాత డబ్బా టీవీల వేగానికి లెక్కగట్టి చేసింది కాబట్టి ఎల్‌సీడీ మీద పని చేయదు. దానికి నా దగ్గర మందు లేదు.

కోసిన దాన్ని మళ్లీ అతికించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కోసిన అంచు దగ్గర రాగి గీతలు తెగి ఆగిపోయి ఉన్నాయి. వాటిలో రెండో రిమోట్ క్లాక్ ఏది, డేటా ఏది అని ముందు కనుక్కోవాలి. పారేయకుండా ఉంచిన కోసిన ముక్కను పక్కన ఆనించి, సాకెట్ పిన్ను నుంచి గీత ఏ చోట ముగిసిందో చూసి, బోర్డు మీద దాని ఎదురు గీతకు స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకున్నాను. బ్లేడు మొనతో పచ్చ పూతను రెండు మిల్లీమీటర్లు గీకితే రాగి మెరిసింది. ఫ్లక్స్ రాసి, టంకం ముట్టించి, వెంట్రుక లాంటి ఎనామిల్ తీగను దాని మీద పడుకోబెట్టాను. క్లాక్ పట్టుకుంది. డేటా దగ్గర ఐరన్ ఒక్క క్షణం ఎక్కువ ఉంచాను, గీత బోర్డు నుంచి లేచి తీగ కొనకు అతుక్కుని పైకి వచ్చేసింది. గుండె ఆగినంత పనైంది. ఇంకా వెనక్కి గీకితే నల్లబొట్టు దగ్గరికి పోతున్నాను. భూతద్దం పెట్టి ఆ గీతనే వెంటపడి చూస్తే, బొట్టుకు వేలెడు దూరంలో ఒక రెసిస్టర్ కాలు దాన్ని తాకుతూ కనిపించింది. ఆ కాలుకు అతికాను. ఎనిమిది చోట్ల గ్లూ గన్ పెట్టి తీగ కదలకుండా పడుకోబెట్టాను. అమ్మ ట్రంకు పెట్టెలో నుంచి అక్క రిమోట్ తీసి పక్క సాకెట్‌లో పెట్టి, బాణం గుర్తు నొక్కితే పచ్చ ట్యాంకు కదిలింది. రాత్రి ఒంటిగంట దాటింది. లేపి చూపించడానికి ఇంట్లో ఎవరూ మెలకువగా లేరు.

ఇంకో పని మిగిలింది, స్టార్ట్. అక్క రిమోట్‌కు రంధ్రం చేసి స్టార్ట్ బటన్ పెడదామని మొదట అనుకున్నాను. పెట్టొచ్చు, కానీ ఫలితం ఉండదు. ఆ కాలపు గేముల్లో చాలావరకు ఆట ఆపడానికి ఒకటో రిమోట్ స్టార్ట్‌నే చూస్తాయి, రెండోదాని స్టార్ట్ గురించి అడగనే అడగవు. అంటే లోపం వైర్లలో లేదు, గేము రాసిన తీరులోనే ఉంది. దాన్ని మార్చలేను. అయితే ఒకటో రిమోట్ ఇప్పుడు నా చేతిలోని రిమోట్ కాదు, పెట్టెలో భాగం. కుడిచేతి బొటనవేలు కింద ఉన్న స్టార్ట్ బటన్‌ను అక్కడి నుంచి తీసి, రెండు వైర్లు పొడిగించి, స్క్రీన్ కింద సరిగ్గా మధ్యలో పెట్టాను. ఎడమ పక్కన కూర్చున్నవాళ్లకు, కుడి పక్కన కూర్చున్నవాళ్లకు ఒకే దూరం.

పోయిన బతుకమ్మకు అక్క మళ్లీ వచ్చింది. పెట్టెను పీట మీద నిలబెట్టి, ఆమె రిమోట్ ఆమె చేతికిచ్చాను. వైరు చూసింది, సాకెట్ చూసింది, "పెట్టినవా" అంది. ట్యాంకుల గేమ్, మూడో లెవెల్. నా గుండు తగిలి ఆమె ట్యాంకు ఒకసారి ఆగింది, తిట్టింది. నాలుగో లెవెల్ మధ్యలో ఉండగా బయటి నుంచి అమ్మ పిలిచింది, గునుగు పూలకు రంగు వెయ్యాలె రమ్మని. నేను పెట్టె వైపు చెయ్యి చాపేలోపే అక్క వంగి, బొటనవేలితో స్టార్ట్ నొక్కి, రిమోట్‌ను పీట మీద పెట్టి లేచింది. ఇరవై నిమిషాల తర్వాత గులాబీ రంగు చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మళ్లీ తనే నొక్కింది.